దొంగ స్కేలు

వెనక్కి వచ్చిన పోతలు ఆరూ షెడ్డు ముందు వరసగా పడి ఉన్నాయి. ఇనుము పోసి చేసిన పంపు బాడీలు. ఒక్కోటి ఇద్దరు పడితే గాని లేవదు. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా వాటి పక్కనుంచే దారి. రెండు రోజులుగా నేను అవసరం లేకపోయినా అటూ ఇటూ పోతూనే ఉన్నాను.

మా అబ్బాయి లేతు మీద ఒకదాన్ని ఎక్కించి నోరు కోసి చూశాడు. కొన్ని చోట్ల టూలు తగిలింది, కొన్ని చోట్ల తగల్లేదు. నల్లటి పైపొర అలాగే మచ్చలు మచ్చలుగా ఉండిపోయింది.

"కొయ్యడానికి కండే లేదు నాన్నా," అన్నాడు. "నోరు నాలుగు మిల్లీమీటర్లు పెద్దదయింది."

ఆ నోటికి చెక్క పని చేసింది నేను.

ఇనుముతో ఏదన్నా పోత పోయాలంటే ముందు అదే ఆకారం చెక్కతో చెయ్యాలి. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. లోపల బోలుగా రావాలంటే ఇసుకతో ఒక దిమ్మ కట్టి మధ్యలో నిలబెట్టాలి. ఆ దిమ్మ కట్టడానికి చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. పెట్టె ఎంత ఉంటే నోరు అంత వస్తుంది.

ఇంకో సంగతి. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది. నూటికి ఒకటి. అందుకని చెక్క ఆ మేరకు పెద్దదిగా చేస్తాం. ప్రతిసారీ లెక్క కట్టుకోకుండా దానికో స్కేలు ఉంది. చూడ్డానికి మామూలు స్కేలే. గీతలు మాత్రం ఒక వెంట్రుక ఎడంగా ఉంటాయి. నాలుగొందలు అని రాసి ఉన్నచోట నిజానికి నాలుగొందల నాలుగు. అబద్ధం చెప్పే స్కేలు గనక మా పనివాళ్ళు దాన్ని దొంగ స్కేలు అంటారు. యాభై రెండేళ్ళుగా నా చేతిలో ఉన్నది అదే.

ముందుగదిలో మా కోడలు కంప్యూటర్లో బొమ్మ గీసి, కొలతలు కాగితం మీద తీసి ఇస్తుంది. నాకు అక్షరాలు తడుముకుంటూ వస్తాయి గాని అంకెలు బాగా వచ్చు. ఈ పనికి అది చాలు. ఇదివరకు ఆమె అసలు కొలత ఇచ్చేది, నేను దొంగ స్కేలుతో కొట్టేవాణ్ణి. ఈ పంపుల ఆర్డరు వచ్చినప్పుడు వచ్చి చెప్పింది.

"మామయ్యా, ఇక నుంచి ఆ నూటికొకటి నేనే కంప్యూటర్లో కలిపేస్తాను. మీరు మామూలు స్కేలే వాడండి."

నేను ఊ అన్నాను.

ఇప్పుడు పంపుల కంపెనీవాళ్ళు ఆరూ తిప్పి పంపారు. పది రోజుల్లో మంచివి ఇవ్వకపోతే ఆర్డరు వేరేవాళ్ళకి పోతుందన్నారు. మా కోడలు ఆ కబురు విని కాసేపు కంప్యూటర్ని అలా చూస్తూ నిలబడింది.

"ఇదే," అంది. "ఇదే చేసింది. ఆ చెక్కపెట్టె బొమ్మ గీసేరోజు రెండుసార్లు తెర నీలంగా అయిపోయి ఆగిపోయింది. మళ్ళీ తెరిచాను. సగం పోయింది, సగం అదే తెచ్చిపెట్టింది. అప్పుడే అంకెలు తారుమారై ఉంటాయి."

"ఇప్పుడు తెరిస్తే సరిగ్గానే చూపిస్తోంది కదా?" అన్నాడు అబ్బాయి.

"ఇప్పుడు చూపిస్తుందండీ. ఆ రోజు ప్రింటు తీసేటప్పుడు ఏం చూపించిందో ఎవరికి తెలుసు? బజార్లో తలా ఒక ముక్కా ఏరుకొచ్చి బిగించిన పెట్టె ఇది. ఈ డొక్కుదాన్ని నమ్ముకుంటే మన కొంప మునుగుతుంది. వర్క్‌స్టేషన్ అని బొమ్మల పనికే చేసే కంప్యూటరు కొనాలి. పేరున్న కంపెనీది."

"దాని ధరకి ఇలాంటివి నాలుగు వస్తాయి."

"నాలుగు డొక్కులు కలిపితే ఒక మంచిది అవదు."

"మన దగ్గరున్న డబ్బు షెడ్డు కప్పుకని పెట్టింది. కప్పు కారితే చెక్కంతా తడుస్తుంది."

"కప్పు కారితే చెక్క తడుస్తుంది. ఇది కారితే మన పరువు తడుస్తుంది," అంది. వాళ్ళిద్దరిలో ఆఖరి మాట ఎప్పుడూ ఆమెదే.

తర్వాత నా వైపు తిరిగింది. "ఆ రోజు మీకిచ్చిన కాగితం ఉందా మామయ్యా?"

"చూడాలి," అన్నాను.

చూశాను. బెంచి సొరుగులో దొంగ స్కేలు కింద మడతపెట్టి ఉంది. విప్పాను. నోటి దగ్గర నాలుగొందల నాలుగు అని అచ్చులో ఉంది. దాని చుట్టూ నా పెన్సిలు గీత. మామూలు స్కేలు తీసుకుని పెట్టెను కొలిచాను. నాలుగొందల ఎనిమిది. దొంగ స్కేలు పెట్టి కొలిచాను. నాలుగొందల నాలుగు. వెంట్రుకవాసి తేడా లేదు. అంత నీటుగా చేశాను ఆ తప్పు.

అప్పుడు గుర్తుకొచ్చింది. బయటి బాడీ మొత్తం మామూలు స్కేలుతోనే చేశాను. పెట్టె మొదలుపెడుతుంటే చెక్క లారీ వచ్చింది. దించుకున్నాం. ఆ సందులో అబ్బాయి ఏదో కొలవాలని నా మామూలు స్కేలు పట్టుకుపోయాడు. తిరిగొచ్చి కూర్చుంటే బల్లమీద స్కేలు లేదు. చెయ్యి తనంతట తనే సొరుగు లాగింది. నేను దాన్ని ఆపలేదు. యాభై రెండేళ్ళు అది ఆ సొరుగే లాగింది మరి. కంప్యూటర్లో ఆమె ఒకసారి కలిపింది. స్కేలుతో నేను ఇంకోసారి కలిపాను.

అదే నిమిషంలో వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు.

ఎందుకంటే పోయిన ఏడు అబ్బాయి అన్నాడు, "నాన్నా, ఇక కూర్చో. బెంచి ఇంకెవరికన్నా అప్పజెబుదాం. కళ్ళు, చేతులు ఎన్నాళ్ళని" అని. నేను మాట్లాడలేదు. నా బదులు కోడలే మాట్లాడింది. "మామయ్య చేతిలో ఒక్క తప్పు చూపించండి, అప్పుడు ఆలోచిద్దాం" అంది. ఆ మాట మీదే నేను ఇన్నాళ్ళూ ఆ బెంచి మీద కూర్చున్నాను.

ఆ ఒక్క తప్పూ ఇప్పుడు నాలుగు మడతలై నా చొక్కా జేబులో ఉంది.

రెండు రోజులు ఒక చోట ఉండలేకపోయాను. పదును ఉన్న ఉలులకే పదును పెట్టాను. ఊడ్చిన చోటే ఊడ్చాను. చెక్కలు ఈ గోడ నుంచి ఆ గోడకి మార్చాను, మళ్ళీ ఈ గోడకి తెచ్చాను.

"మీరిలా తిరుగుతుంటే మాకు ఫ్యాను అక్కర్లేదు మామయ్యా," అంది కోడలు.

కూర్చున్నాను. కూర్చుంటే జేబులో కాగితం చప్పుడు చేసింది. మళ్ళీ లేచాను.

మనసులో ఒక లెక్క కట్టుకున్నాను. కొత్తది కొంటే ఆమెకి సంతోషమే. ఎన్నేళ్ళ నుంచో కావాలంటోంది. పాతది ఆగిపోవడం కూడా అబద్ధం కాదు. నింద పడేది ప్రాణం లేని ఒక పెట్టె మీద. దానికి నొప్పా, పాడా? కప్పు ఇంకో ఏడాది ఆగుతుంది. ఈ లెక్క పొద్దున సరిపోయేది. మధ్యాహ్నానికి తేడా వచ్చేది.

మూడో రోజు పొద్దున్నే కోడలు కంప్యూటర్ల షాపుకి బయల్దేరుతూ, "మీరూ రండి మామయ్యా," అంది.

"నేనెందుకమ్మా?"

"పనిముట్టు ఎంచడం మీకు తెలిసినట్టు నాకు తెలీదు. మీ చిత్రిక సంగతి నాకు తెలియదనుకున్నారా?"

నా చిత్రిక, చెక్కని గీసి నున్నగా చేసేది. పెళ్ళయిన కొత్తలో మూడు నెలల కూలి పోసి కొన్నాను. అప్పట్లో పేరున్న కంపెనీది. పక్కవాళ్ళ చిత్రికలు దాని ధరలో పదో వంతు. మా ఇంటావిడ నెల రోజులు నాతో మాట్లాడలేదు. నేనెలాగూ పెద్దగా మాట్లాడను గనక ఆ సంగతి నాకు వారం పోయాక గాని తెలియలేదు. ఆ చిత్రిక ఇప్పటికీ ఉంది. ఇద్దరు పనివాళ్ళని, మా ఇంటావిడని దాటి ఉంది.

"అది కొన్నందుకు ఎప్పుడన్నా బాధపడ్డారా?" అంది బస్సులో.

"లేదు."

"మరి! మంచి పనిముట్టుకి ధర పెడితే అంతే."

అది నాకు తగిలింది. చిత్రిక మంచిదే. పక్కవాళ్ళు చవక చిత్రికలతో కూడా మంచి పని చేశారని, నేను దాంతోనే చెడ్డ పని కూడా చేశానని ఆమెకి చెప్పలేదు. కిటికీలోంచి బయటికి చూశాను. ఏం చూశానో గుర్తులేదు.

షాపు అంతా అద్దాలు. చలి. షాపాయన నలభై దాటినవాడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. కోడలు చెప్పిందంతా విన్నాడు. ఒక నల్ల పెట్టె ముందుకి తీసుకుపోయాడు. మా డొక్కుదాని కంటే పెద్దదేం కాదు. పక్కమూత ఒక్క మీటతో తీశాడు. లోపల తీగలన్నీ దువ్వి జడేసినట్టు ఉన్నాయి. చూడ్డానికి బాగుంది. ఆ పని చేసినవాడు పనివాడే.

"దీని ధర ఎందుకంత?" అన్నాను.

షాపాయన నవ్వాడు. "నిజం చెప్పమంటారా బాబాయ్ గారూ? మూడొంతులు సరుక్కి, ఒక వంతు పేరుకి. ఆ పేరుకిచ్చింది కూడా ఊరికే పోదు. చెడిపోతే మర్నాడే మనిషి మీ ఇంటికొస్తాడు. మీరు ఏరుకుని బిగించుకున్నదైతే మీరే దాన్ని చంకన పెట్టుకుని తిరగాలి."

"సరుకులో తేడా ఏంటి?"

"మెమరీ వేరే రకం. ఎనిమిది గుర్తులు దాచుకుంటే వాటి పక్కన ఒకటి అదనంగా కాపలా పెట్టుకుంటుంది. ఎనిమిదిలో ఒకటి తారుమారైతే కాపలాది పట్టుకుని సరిచేస్తుంది. మామూలు వాటిల్లో ఆ కాపలా ఉండదు."

"చూశారా?" అంది కోడలు నాతో. "నేను చెప్పింది అదే."

"మరి మనం ఇచ్చిన కొలతే తప్పయితే?" అన్నాను.

"అది దానికెలా తెలుస్తుందండీ? తప్పు కొలతిస్తే తప్పునే చక్కగా, తొందరగా చేసిపెడుతుంది."

ఆ మనిషి నాకు నచ్చాడు. అమ్మేవాడు అంత మాట అనక్కర్లేదు. ఇంకో మాట కూడా అన్నాడు. పొద్దస్తమానం పెద్ద పెద్ద బొమ్మలు తిప్పేవాళ్ళకి ఇది పెట్టుబడి, మిగతావాళ్ళకి ముచ్చట, మీరు ఎవరో మీరే తేల్చుకోండి అని.

కోడలు సంచిలోంచి పెన్ డ్రైవ్ తీసింది. "మా ఫైలు ఒకటి ఇందులో తెరిచి చూడొచ్చా?"

తెరిచింది. మా చెక్కపెట్టె బొమ్మ తెర మీదికి వచ్చింది. మా ఇంట్లో అది తిరగాలంటే ముక్కుతూ మూలుగుతూ తిరుగుతుంది. ఇక్కడ వేలితో తోసిన బొంగరంలా తిరిగింది. ఆమె మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి, పోనీలే, కొనుక్కోనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

తర్వాత ఆమె నోటి కొలత మీద నొక్కింది. నాలుగొందల నాలుగు.

ఇంకోచోట నొక్కింది. పాత ఫైళ్ళేవో తెరిచింది. రెండుసార్లు ఆగిపోయిన రోజువి, ఆగకముందువి, ఆగాకవి. అన్నిట్లోనూ నాలుగొందల నాలుగే. షాపాయన ఇంకెవరితోనో మాట్లాడ్డానికి పక్కకి పోయాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇందులో కూడా అంతే వస్తోంది మామయ్యా."

నా చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"అంటే కంప్యూటరు తప్పు కాదు." మాట మెల్లగా వచ్చింది. "అంటే నేనే. ప్రింటు తీసేముందు నేనే ఏదో కెలికి ఉంటాను. రెండుసార్లు కలిపేశానేమో. కంగారులో ఉన్నాను ఆ రోజు." వేళ్ళు విరుచుకుంది. "ఆరు పోతలు. నా వల్ల. ఆయనకి ఏం చెప్పను? ఇంతా చేసి నింద ఆ డొక్కుదాని మీద వేశాను."

కంప్యూటరు మీద నింద పడితే ఓర్చుకున్నాను. అది ప్రాణం లేని పెట్టె కాబట్టి. ఇప్పుడది ఆమె మీదికి నడిచొచ్చి కూర్చుంటోంది, ఆమె దానికి చోటిస్తోంది. నా బెంచి కోసం ఒకప్పుడు నా తరఫున మాట్లాడిన మనిషి.

జేబులోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టాను.

విప్పింది. అచ్చులో ఉన్న అంకె చూసింది. చుట్టూ నా పెన్సిలు గీత చూసింది.

"దొంగ స్కేలా?" అంది.

"ఊ."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు కాగితం అడిగిన రోజే."

ఆమె కాగితాన్ని అవే మడతల్లో మడిచింది. షాపాయన తిరిగొచ్చాడు. "ఏమంటారమ్మా? బిల్లు వెయ్యమంటారా?"

"ఇవాళ కాదండీ," అంది. "మా పాతది మాటిమాటికీ నీలంగా అయి ఆగిపోతుంది. దానికేం చెయ్యాలి?"

"ఎక్కడ పెట్టారు దాన్ని?"

"చెక్క పని చేసే గది పక్కనే."

ఆయన కళ్ళజోడు కిందికి లాక్కుని ఇద్దర్నీ చూశాడు. "ముందు మూత తీసి లోపల పొట్టు ఊదండి. అప్పటికీ ఆగిపోతే రండి. ఇది ఎక్కడికీ పోదు."

బస్సులో చాలా దూరం ఆమె మాట్లాడలేదు. నాకు ఆ సీటులో ముళ్ళు మొలిచినట్టుంది. మాట్లాడకపోవడం ఎంత బరువో ఎదుటివాళ్ళు చేస్తే గాని తెలియదు.

"తప్పయిందమ్మా," అన్నాను.

"మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగారు."

"ఊ."

"ఆ ఊ ఒక్కటీ మానెయ్యండి మామయ్యా!" అంది గట్టిగా. ముందు సీటావిడ తిరిగి చూసింది. కోడలు గొంతు తగ్గించింది. "మామూలు స్కేలు వాడండి అన్న రోజు కూడా ఊ అన్నారు. ఆ ఊ విని నేను నిశ్చింతగా వెళ్ళిపోయాను."

"బెంచి దిగిపోతానులే. అబ్బాయికి చెప్తాను."

"మీకు తోచినప్పుడు దిగిపోవడానికి అదేం బస్సు కాదు. ఇంకో ఏడు రోజుల్లో పోతలు వెళ్ళాలి. పెట్టె ఎవరు చేస్తారు?" సంచి ఒళ్ళోకి లాక్కుంది. "కోపం వచ్చింది నాకు. పోలేదు ఇంకా. అది వేరు, పెట్టె వేరు."

"ఆ షాపాయన చెప్పాడే, ఎనిమిదింటికి ఒక కాపలా అని," అన్నాను. "నాకూ అలాంటిది ఒకటి కావాలి."

ఆమె నవ్వలేదు గాని నా వైపు తిరిగింది. "నేను కొలవకుండా ఒక్క చెక్కా పోతకి పోదు. ఒప్పుకుంటారా? కోడలు మామ పని కొలిచిందని షెడ్లో నవ్వుకుంటారు."

"నవ్వుకోనీ."

ఇంటికి రాగానే, "ఆయనకి మీరే చెప్పండి," అని లోపలికి పోయింది.

చెప్పాను. అబ్బాయి ఆరు పోతల వైపు చూశాడు. "ఆరు, నాన్నా," అన్నాడు. పోయి లేతు ఆన్ చేశాడు. దాని మీద ఏ ముక్కా లేదు. ఊరికే తిరుగుతోంది. దాని ముందు అలా నిలబడ్డాడు. లోపల కోడలు పంపుల కంపెనీకి ఫోను చేస్తోంది. "కంప్యూటరు కాదండీ, మా కొలత తప్పు. మొన్న చెప్పింది వేరు, ఇప్పుడు చెప్పేదే నిజం," అంటోంది. ఆ మాట వినపడకుండా లేతు చప్పుడు ఇంకాస్త పెద్దదిగా ఉంటే బాగుండనిపించింది.

కాసేపటికి లేతు ఆగింది. అబ్బాయి వచ్చి, మామూలు స్కేలు నా బల్ల మీద పెట్టాడు. పెట్టి, దాన్ని గోడ మేకుకి ఒక దారంతో కట్టాడు, ఎవరూ పట్టుకుపోకుండా. "పెట్టె ఎప్పటికవుతుంది?" అన్నాడు. "ఎల్లుండి," అన్నాను. బెంచి మాట ఎత్తలేదు. ఎత్తడని కాదు. ఎప్పుడెత్తుతాడో తెలియదు.

కంప్యూటరు మూత నేనే తీశాను. గుప్పెడు పొట్టు వచ్చింది. సన్నటి, మెత్తటి పొట్టు. నా చిత్రికదే. ఇన్నాళ్ళూ కంప్యూటరుకి ఊపిరాడకుండా చేసింది కూడా నేనే. బ్రష్షుతో దులిపి, ఊది, మూత బిగించాను. బాగానే నడిచింది. మర్నాడు సాయంత్రం మళ్ళీ ఒకసారి నీలంగా అయి ఆగింది.

"కొనాలి మామయ్యా, ఎప్పటికైనా," అంది కోడలు.

"కొనాలి," అన్నాను. ఊ అనలేదు. అది ధరకి తగిందా కాదా అంటే ఇప్పటికీ తేల్చి చెప్పలేను. బొమ్మ బొంగరంలా తిరిగినప్పుడు ఆమె మొహం చూశాను. దానికో విలువ ఉంది. షెడ్డు కప్పు వైపు చూస్తే నాలుగు చోట్ల వెలుతురు కనిపిస్తోంది. దానికీ ఉంది.

అన్న రోజుకి పెట్టె అయింది. తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె కొలిచే పనిముట్టు తీసి, కళ్ళు దగ్గరికి పెట్టి, పై అంచున ఒకసారి, అడుగున ఒకసారి కొలిచింది. నేను గుమ్మం దగ్గరికి పోయాను, వెనక్కి వచ్చాను. బయట ఆరు పోతలూ అలాగే ఉన్నాయి. మళ్ళీ కరిగించడానికి రేపు పట్టుకుపోతారు.

"నాలుగొందల నాలుగు," అంది.

నా కాళ్ళు ఆగడం లేదు. "మళ్ళీ కొలువమ్మా," అన్నాను.

ఆమె నన్ను ఒకసారి చూసి, పెట్టెను రెండో వైపుకి తిప్పింది.